తేటబడితే చాలదు... మరగాలి!

వానలకు కుళాయిలో బురదనీళ్లు వస్తున్నాయా? పల్లెల్లో వెనుకటికి చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్ది నీళ్లు పోసేవారు. కొన్నిచోట్ల దాన్నే ఇండుపగింజ అంటారు. అది దొరక్కపోతే మునగ గింజలున్నాయి. ముదిరి ఎండిన కాయలోని గింజల పొట్టు తీసి, తెల్లటి పప్పును మెత్తగా నూరి, లీటరుకు ఒకటి రెండు గింజల చొప్పున బాగా కలిపి, రెండు గంటలు కదపకుండా ఉంచండి. పప్పులోని ధనావేశ ప్రొటీన్లు రుణావేశమున్న మట్టి రేణువులను ముద్ద కట్టించి అడుగుకు దించుతాయి. సూక్ష్మజీవులూ చాలావరకు దిగుతాయి. చాలావరకే!

వాంతులు, విరేచనాలతో మా ఆసుపత్రికి వచ్చేవాళ్లు 'నీళ్లు తేటగానే ఉన్నాయి డాక్టరుగారూ' అంటుంటారు. టైఫాయిడ్ క్రిమి, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ కంటికి కనిపించవు కదా! పైతేటను శుభ్రమైన గుడ్డతో వడగట్టి, తెర్లేలా మరిగించాకే తాగండి. ఫ్లోరైడ్ సమస్యకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. గింజ కలిపిన నీళ్లు మర్నాటికి దాచొద్దు. అందులో మిగిలిన పప్పు సారం బ్యాక్టీరియాకు మేత.