కాన్పు ఇంట్లో... కష్టమైతే ఆస్పత్రికి!

భార్యను ఊళ్లో వదిలి వచ్చిన మనవాళ్లకు ఈ భయం కొత్త కాదు. నొప్పులు మొదలయ్యాక ఇంటి నుంచి ఆస్పత్రికి చేరే ఆ కాస్త దారే గండం.

న్యూజిలాండ్‌లో కావాలనే ఇంట్లో కాన్పు పెట్టుకునేవాళ్లున్నారు. 1990 నాటి చట్టంతో అక్కడి మిడ్‌వైఫ్‌లకు డాక్టరు లేకుండా సొంతంగా కాన్పు చేసే హక్కు వచ్చింది. మన మంత్రసాని అనుకునేరు! ఆమె చదువుకుని, రిజిస్టరైన మనిషి. రక్తం ఎక్కువ పోయినా, బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉన్నా 111కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలుస్తారు.

చిక్కంతా అక్కడే. మిడ్‌వైఫ్, అంబులెన్స్ సిబ్బంది, డాక్టరు... తల్లి ఇన్ని చేతులు మారాలి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరకపోతే నిమిషాలు పోతాయి. అందుకే ఒక వరస పెట్టుకున్నారు: నేనెవరు, ఇప్పుడేమైంది, ముందు సంగతేమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి. అంతే, సోది లేదు. ‘ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారమ్మా’ అని ఆస్పత్రిలో విసుక్కున్నారంటే మాత్రం ఇంకోసారి ఎవరూ వేళకు బయలుదేరరు.

మన దగ్గర 108 బండి 2005లో మొదలైంది. ఆ బండిలోనూ చెప్పాల్సింది ఇదే. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: నెలలెన్ని, బ్లడ్ గ్రూపేమిటి, స్కానింగ్ కాగితాలు ఒకే సంచిలో ఉన్నాయా, బండిలో తోడు ఎవరు ఎక్కుతారు?