ట్యాబ్‌కు కీబోర్డ్ పెడితే ల్యాప్‌టాప్ అయితదా? కొనేముందు ఇవి చూసుకోండి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ట్యాబ్‌కు వైర్‌లెస్ కీబోర్డ్ ఎట్ల ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

2020 సెప్టెంబర్ 1న మన తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి మీద బడి పాఠాలు మొదలైనయి. చాలామంది కాలేజీ పిల్లలకేమో ఫోన్‌లో క్లాసులు. అప్పుడు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు పిల్లల కోసమని ట్యాబ్ కొన్న ఇండ్లు ఉన్నయి. ఆ పిల్లలు ఇప్పుడు డిగ్రీలో, బీటెక్‌లో ఉన్నరు. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయాలె, రెజ్యూమె చేయాలె, అప్లికేషన్లు నింపాలె. ఇంట్లో అడిగే ప్రశ్న ఒక్కటే: "ల్యాప్‌టాప్‌కు ముప్పై నలభై వేలు పెట్టాల్నా, రెండు వేల కీబోర్డ్‌తో పనైతదా?"

సూటిగా చెప్తా. కీబోర్డ్ మీ ట్యాబ్‌కు ఒక్క పనే నేర్పుతది, వేగంగా టైప్ చేయడం. అంతకుమించి ఏం మారదు. ప్రాసెసర్ అదే, యాప్‌లు అవే, స్టోరేజ్ అదే. కాబట్టి ముందు ఒక వారం మీ పనులన్నీ ట్యాబ్ మీదనే చేసి చూడండి. ఎక్కడ ఆగిపోతున్నరో ఒక కాగితం మీద రాసుకోండి. "స్క్రీన్ మీద కొట్టుకుంట కూర్చుంటే చేతులు గుంజుతున్నయి, సగం స్క్రీన్ కీబోర్డే తింటుంది" అనేది మీ బాధ అయితే కీబోర్డ్ కొనండి. "ఈ సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లో దొరుకుతలేదు" అనేది బాధ అయితే, ఎంత మంచి కీబోర్డ్ కొన్నా ఆ బాధ అట్లనే ఉంటది.

రెండో రకానికి మన దగ్గరి ఉదాహరణలు చెప్తా. పెండ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వాడుతరు. అది విండోస్ ప్రపంచం. అక్కడ పని నేర్చుకోవాలంటే ఆండ్రాయిడ్ ట్యాబ్ పనికిరాదు. అట్లనే బీటెక్ వాళ్లు ఆండ్రాయిడ్ స్టూడియో నడపాలంటే ల్యాప్‌టాపే కావాలె. క్యాంపస్ సెలక్షన్ల ఆన్‌లైన్ టెస్టులకు కూడా చాలా కంపెనీలు ల్యాప్‌టాప్ గానీ డెస్క్‌టాప్ గానీ ఉండాలని ముందే చెప్తయి. ఇంకొకటి: మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌లలో ఫ్రీగా ఎడిట్ చేసుకోవడానికి స్క్రీన్ 10.1 అంగుళాల లోపు ఉండాలె. మీది 11 అంగుళాల ట్యాబ్ అయితే సబ్‌స్క్రిప్షన్ అడుగుతది. గూగుల్ డాక్స్‌కు ఈ తిప్పలు లేదు.

సరే, మీ బాధ టైపింగే అని తేలింది అనుకుందాం. ఇప్పుడు కీబోర్డ్ ఎట్ల పని చేస్తదో రెండు ముక్కల్లో తెలుసుకుంటే షాపులో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

మీరు ఒక కీ నొక్కితే కీబోర్డ్ అక్షరాన్ని పంపదు. "ఫలానా స్థానంలో ఉన్న కీ నొక్కిన్రు" అని ఒక నంబర్ పంపుతది, అంతే. అది ఏ అక్షరమో నిర్ణయించేది ట్యాబ్. కీ మీద అచ్చు వేసిన బొమ్మ మన కండ్ల కోసం మాత్రమే. ఇది గుర్తుపెట్టుకోండి, తెలుగు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడ్తది.

ఆ నంబర్ ట్యాబ్‌కు చేరడానికి మూడు దారులు. మొదటిది బ్లూటూత్. ట్యాబ్‌కు ఏ పోర్టూ అక్కర్లేదు, పది మీటర్ల లోపు హాయిగా పని చేస్తది. కొన్నిట్లో మూడు పరికరాల దాకా జత చేసుకొని, ఒక బటన్‌తో ట్యాబ్ నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి కంప్యూటర్‌కు మారొచ్చు. లాజిటెక్ కె380 అట్లాంటిదే. బ్లూటూత్‌లో చిన్న చికాకు ఏందంటే, కాసేపు వాడకపోతే కీబోర్డ్ నిద్రపోతది. మళ్లీ లేపినప్పుడు మొదటి ఒకటి రెండు అక్షరాలు మింగేస్తది.

రెండోది డాంగిల్. అంటే చిన్న యూఎస్‌బీ ముక్క ట్యాబ్‌కు గుచ్చాలె. ట్యాబ్‌లో ఉండేది టైప్-సి పోర్ట్, డాంగిల్ ఏమో పాత యూఎస్‌బీ. మధ్యలో ఓటీజీ అడాప్టర్ కావాలె. అది పెడితే ఛార్జింగ్ పోర్ట్ నిండిపోయినట్టే. పైగా 2016లో బాస్టిల్ అనే అమెరికా సెక్యూరిటీ సంస్థ, 8 కంపెనీల చౌక డాంగిల్ కీబోర్డులు మనం కొట్టే అక్షరాలను ఏ తాళం లేకుండా గాల్లోకి వదులుతున్నయని బయటపెట్టింది. బ్లూటూత్ కీబోర్డులకు ఆ లోపం లేదు. బ్యాంక్ పాస్‌వర్డులు కొట్టే చేతులు కాబట్టి, ట్యాబ్ కోసమైతే నా ఓటు బ్లూటూత్‌కే.

మూడోది పిన్నులతో అతుక్కునేది. ట్యాబ్ వెనకనో అంచునో చిన్న చుక్కల్లాంటి పిన్నులు ఉంటయి, కీబోర్డ్ కవర్ వాటికి అయస్కాంతంతో అతుక్కుంటది. ఛార్జింగ్ గొడవ లేదు, జత చేసే పని లేదు, నిద్రపోవడం లేదు. ఆపిల్, సామ్‌సంగ్ వాళ్ల ఖరీదైన ట్యాబ్‌లకు ఇట్లాంటివి ఉన్నయి. కానీ ఆ మోడల్‌కే పనికొస్తయి. ట్యాబ్ పోతే కీబోర్డ్ కూడా పోయినట్టే. ధర కూడా గట్టిగానే ఉంటది, పాతిక వేలు దాటినవి కూడా ఉన్నయి. పది పదిహేను వేల ట్యాబ్‌కు అంత పెట్టేకంటే ల్యాప్‌టాప్ వైపు చూడటం మేలు.

ఇప్పుడు సైజ్. మామూలు కీబోర్డ్‌లో ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటది. ఒక వరుసలో దాదాపు 15 కీల జాగా. లెక్క చేయండి: 285 మిల్లీమీటర్లు, అంటే 28 సెంటీమీటర్ల పైనే. మీ 10, 11 అంగుళాల ట్యాబ్ పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. అంటే ట్యాబ్ సైజ్‌కు సరిగ్గా సరిపోయే కవర్ కీబోర్డ్ కావాలంటే కీలు కుదించక తప్పదు. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న చేతులకు ఇది వెంటనే తెలిసిపోతది, వేళ్లు పక్క కీ మీద పడ్తుంటయి. రోజూ పేజీలకు పేజీలు కొట్టేవాళ్లు కవర్ కాకుండా విడి కీబోర్డ్ తీసుకోండి. బస్సులో, లైబ్రరీలో అప్పుడప్పుడు నోట్స్ రాసుకునేవాళ్లకు కవర్ చాలు.

ల్యాప్‌టాప్‌లా ఒళ్లో పెట్టుకుందాం అనుకుంటే ఇంకో సంగతి. ల్యాప్‌టాప్‌లో బరువంతా కింద ఉంటది, బ్యాటరీ, బోర్డు అన్నీ కీబోర్డ్ కిందనే కదా. ట్యాబ్‌లో బరువంతా పైన ఉంటది. అరకిలో ట్యాబ్‌ను పల్చటి కీబోర్డ్‌కు నిలబెడితే వెనక్కి బోర్లా పడ్తది. ఆపిల్ మ్యాజిక్ కీబోర్డ్ అంత బరువు ఉండటానికి ఇదే కారణం. లాజిటెక్ కె480లో ట్యాబ్ నిలబెట్టే గాడి కీబోర్డ్‌లోనే ఉంటది, అందుకే అది కూడా కాస్త బరువైనదే. బల్ల మీద వాడేటట్టయితే వంద రెండొందల స్టాండ్ ఒకటి కొనుక్కొని, కీబోర్డ్ విడిగా పెట్టుకోండి. మెడకు కూడా అదే మంచిది.

ఇక అసలు పరీక్ష, తెలుగు. షాపులో దొరికే కీబోర్డుల మీద ఇంగ్లీష్ అక్షరాలే ఉంటయి. ఇందాక చెప్పిన మాట గుర్తుందా? అక్షరం కీబోర్డ్‌లో లేదు, ట్యాబ్‌లో ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల అనే ఊర్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ అక్షరాలు అచ్చు వేసిన కీబోర్డ్ కోసం ఎవరూ ఆగాల్సిన పని లేదు. ఫాంట్, లేఅవుట్ ఉంటే ఇదే ఇంగ్లీష్ కీబోర్డ్ మీద గోండి వస్తది. తెలుగుకూ అదే సూత్రం.

తెలుగు కొట్టడానికి రెండు పద్ధతులు. ఒకటి, ఇంగ్లీష్ స్పెల్లింగ్ కొడితే తెలుగు అయ్యేది. ఫోన్‌లో మనందరికీ అలవాటైనదే. చిక్కు ఎక్కడంటే, స్క్రీన్ కీబోర్డ్‌లో పని చేసిన ఈ పద్ధతి, బయటి కీబోర్డ్ తగిలించగానే కొన్ని ట్యాబుల్లో పని చేయదు. ఇంగ్లీషే పడ్తది. అట్లాంటప్పుడు బ్రౌజర్‌లో లేఖిని లాంటి సైట్ తెరిచి, అక్కడ కొట్టి, కాపీ చేసుకొని పేస్ట్ చేయొచ్చు. నాలుగు లైన్లకు ఓకే, నలభై పేజీలకు కష్టం.

రెండోది ఇన్‌స్క్రిప్ట్. ఇది 1986లో మన కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికీ కలిపి తెచ్చిన లేఅవుట్. ఎక్కువగా గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తయి. ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకొని కె, జె, ఆర్, ఎక్స్, వి, ఐ, జె, డి అని వరుసగా కొట్టండి. స్క్రీన్ మీద "కరీంనగర్" అని వస్తది. 8 కీలు. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో కొడితే అదే పేరుకు 10. తెలుగు మీడియం టీచర్లు, విలేకరులు, రోజూ తెలుగు రాసేవాళ్లు రెండు మూడు వారాలు ఓపిక పట్టి ఇది నేర్చుకుంటే లాభమే. హిందీకి మార్చినా "క" అదే కీ మీద ఉంటది.

కాబట్టి షాపుకు పోతే ట్యాబ్ వెంట తీసుకుపోండి. కీబోర్డ్ జత చేయించి, సెట్టింగ్స్‌లో భాషల దగ్గర ఫిజికల్ కీబోర్డ్ అనే ఆప్షన్ తెరిచి, తెలుగు లేఅవుట్ ఉందో లేదో చూడండి. "క్షేత్రం", "జ్ఞానం", "కరీంనగర్" ఈ మూడు మాటలు కొట్టించండి. వస్తేనే డబ్బులు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపస్ తీసుకునే గడువు ఎన్ని రోజులో ముందే చూసుకొని, పార్సిల్ వచ్చిన రోజే ఈ పరీక్ష చేయండి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. పాడైన రెండు వేల కీబోర్డ్ పట్టుకొని సర్వీస్ సెంటర్‌కు పోతే బస్ ఛార్జీలే సగం ధర అయితయి.

బ్యాటరీ సంగతి కూడా అందుకే చెప్తున్నా. సన్న సెల్లులతో నడిచేవి, అంటే ట్రిపుల్-ఎ, నెలల తరబడి వస్తయి. అయిపోతే ఊర్లో కిరాణం దుకాణంలోనే దొరుకుతయి. లోపల ఛార్జింగ్ బ్యాటరీ ఉన్నవి సన్నగా, అందంగా ఉంటయి గానీ, ఆ బ్యాటరీ పోయినరోజు కీబోర్డ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఛార్జింగ్‌దే కావాలంటే టైప్-సి ఉన్నది చూడండి, ట్యాబ్ ఛార్జరే దానికీ సరిపోతది.

మొత్తం లెక్క ఇట్ల పెట్టుకోండి. నోట్స్, రిపోర్టులు, మెయిల్స్, తెలుగు రాత మీ పని అయితే రెండు మూడు వేల లోపు బ్లూటూత్ కీబోర్డ్, ఒక స్టాండ్ చాలు. ముప్పై వేలు మిగిలినట్టే, అవి ఫీజుకు పనికొస్తయి. కోడింగ్, డీటీపీ, కంపెనీ టెస్టులు మీ పని అయితే ఆ రెండు వేలు కూడా ఇప్పుడు పెట్టకండి. ల్యాప్‌టాప్ డబ్బుల్లో కలపండి, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. ఇంట్లో అమ్మానాన్నలు "ఏది కొనాలె బిడ్డా" అని అడిగితే, బ్రాండ్ పేరు చెప్పకండి. ఆ వారం రోజులు మీరు రాసుకున్న కాగితం చూపించండి. ఏం కొనాలో అదే చెప్తది.

వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఏమేం చూడాలో చెప్తా. అందాక ఉంటా మరి, నమస్తే.