ఓడ మునిగింది... పాఠం తేలింది

సింగపూర్ నది ఒడ్డున ఉన్న ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో ఒక గ్యాలరీ నిండా గిన్నెలే. వెయ్యేళ్లకు పైగా సముద్రం అడుగున పడి ఉన్న సరుకు అది. ప్రాచీన వర్తక మార్గాల గురించి పిల్లలకు చెప్పే టీచర్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటు.

పాఠ్యపుస్తకంలో సముద్ర వాణిజ్యం అంటే మ్యాపు మీద ఒక చుక్కల గీత. ఆ కొసన చైనా, ఈ కొసన అరేబియా, నడుమ మన తీరం. కింద ‘పట్టు, సుగంధ ద్రవ్యాలు’ అని రెండు మాటలు. టీచర్లుగా మేం బోర్డు మీద గీసేదీ అదే. ఆ గీత మీద నిజంగా ప్రయాణించిన ఓడ ఒకదాని సరుకు ఇక్కడ కనిపిస్తుంది.

1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్ర దోసకాయలనే జీవుల కోసం నీటి అడుగుకు దిగిన స్థానికులకు ఈ ఓడ శకలాలు దొరికాయి. అందులో 60,000కు పైగా వస్తువులున్నాయి. చాలావరకు చైనాలోని చాంగ్షా బట్టీల్లో కాల్చిన మామూలు గిన్నెలే. ఒక గిన్నె మీద కుమ్మరి తేదీ కూడా చెక్కాడు. మన లెక్కలో అది క్రీ.శ. 826. టాంగ్ వంశం చైనాను, అబ్బాసీ ఖలీఫాలు బాగ్దాద్‌ను ఏలుతున్న కాలం.

చూడటానికి వచ్చినవాళ్లంతా ఎనిమిది పలకల బంగారు కప్పు దగ్గర గుమిగూడతారు. దాని మీద వాద్యకారులు, నర్తకుల బొమ్మలున్నాయి, ముచ్చటైన పనితనం. కానీ టీచరు ఆగాల్సింది గిన్నెల దగ్గర. వాటి మీద పూలు, పక్షులు, చేపలు గీశారు. కొన్నింటి మీద అరబిక్‌ను పోలిన రాత ఉంది. కొన్నింటి మీద మన గుడి గోడల మీద కనిపించే మకరం కూడా ఉంది. ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకు ఏది నచ్చుతుందో ఆ కుమ్మరికి తెలుసన్నమాట. గిన్నెలు పగలకుండా పెద్ద జాడీల్లో చుట్లుచుట్లుగా పేర్చారు. ఒక్కో జాడీలో వందకు పైగా పట్టేవి. రాజుల పేర్లు, వంశాలే చరిత్ర అనుకునే పిల్లలకు మట్టి తొక్కినవాడినీ, బొమ్మ గీసినవాడినీ, జాడీ సర్దినవాడినీ చూపించవచ్చు.

గ్యాలరీలో కనిపించని సరుకు గురించీ చెప్పాలి. ఓడలో పట్టు వేసినా ఉప్పునీటిలో మిగలదు. మట్టిపాత్ర మిగులుతుంది. చేతికి దొరికిందే మొత్తం చరిత్ర కాదని పిల్లలకు వివరించడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

సరుకు చైనాది, ఓడ మాత్రం పశ్చిమ హిందూ మహాసముద్రపు పద్ధతిలో కట్టింది. ఇనుప మేకు ఒక్కటీ కొట్టకుండా చెక్కలకు చిల్లులు పొడిచి తాడుతో కుట్టేశారు. ఒమన్‌లో అదే పద్ధతిలో ‘జ్యూయెల్ ఆఫ్ మస్కట్’ అనే ఓడ కడితే, 2010లో అది మస్కట్ నుంచి కొచ్చి, గాలే మీదుగా సింగపూర్ చేరింది. కుట్టు పడవలు మన కోస్తాకూ కొత్త కాదు. ఇంగ్లీషువాళ్లు మసూలా బోట్లు అన్న పడవలు ఇలాంటివే. అలలు ఎత్తి కుదేసినా మేకుల పడవలా పగలక, సాగి నిలిచేవి. లంగరేసిన ఓడల నుంచి మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చినవి అవే.

ఇంతకీ మునిగిన ఓడలోని సరుకు ఎవరిది? ఈ సరుకును ఇండోనేషియా అనుమతితో ఒక ప్రైవేటు సంస్థ వెలికితీసింది. 2005లో సింగపూర్ సుమారు 3.2 కోట్ల డాలర్లకు కొన్నది. శాస్త్రీయ తవ్వకం కాదు, వ్యాపారం కోసం తీశారంటూ పురావస్తు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పడంతో, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 2011లో ప్రదర్శన ఆలోచన మానుకుంది. శాస్త్రీయ పద్ధతిలో తీసేదాకా ఆగితే దొంగల పాలయ్యేదన్నది రెండో పక్షం వాదన.

కాకతీయుల పాఠం చెప్పే మాకు ఈ తగవు వినగానే మోటుపల్లి రేవు గుర్తుకొస్తుంది. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించి, నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని వర్తకులకు మాటిచ్చాడు. తన రేవుకు ఓడలు రావాలంటే వర్తకుడికి నమ్మకం ఉండాలని ఆయనకు తెలుసు. బెలితుంగ్ ఓడ విషయంలో సరుకు నాదని అడగడానికి వర్తకుడే లేడు, వారసులూ లేరు. అందుకే ఈ ప్రశ్నను తరగతిలో పెట్టాలి. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మోటుపల్లి, రెండో జట్టుకు బెలితుంగ్ ఇచ్చి వాదించమనవచ్చు. రెండు మార్కుల జవాబు గంటసేపు నడుస్తుంది.

ఎలా వెళ్లాలి: రాఫెల్స్ ప్లేస్ ఎంఆర్‌టీ స్టేషన్‌లో దిగి నది వైపు నడిస్తే మ్యూజియం వస్తుంది. విదేశీ సందర్శకులకు టికెట్ ఉంటుంది.