ఫారం 26 చదివారా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: ఈ మూడు చోట్లా అభ్యర్థిని తూచేది ఎవరో కనుక్కుని గురువారం సాయంత్రానికల్లా రాసి పంపమన్నారు ఎడిటర్‌గారు. అమెరికాలో అయితే పార్టీ అభ్యర్థిని ప్రైమరీలో ఓటర్లే ఎంచుకుంటారు. ఫలానా వారికి ఓటేయమని పత్రికలు సంపాదకీయాలు రాస్తాయి. ఆ ఆనవాయితీ అక్కడా సడలుతోంది, 2024లో వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజెలెస్ టైమ్స్ అధ్యక్ష పోటీలో ఎవరినీ బలపరచలేదు. మన పేపర్లు అలా రాయవు. ఏ పేపరు ఎవరిదో హోటల్లో చాయ్ తాగేవాళ్లందరికీ తెలుసు కాబట్టి రాయక్కర్లేదు కూడా. జిల్లా పేజీలో ఆశావహుల ఫొటోలుంటాయి, ‘సర్వేలో ముందంజ’ అన్న హెడ్డింగ్ ఉంటుంది. ఆ సర్వే ఎవరు చేశారో, ఎంతమందిని అడిగారో మాత్రం ఉండదు.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలనే తీసుకోండి. టికెట్ కావాలంటే గాంధీభవన్‌లో దరఖాస్తు పెట్టుకోమంది కాంగ్రెస్. ఫీజు 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. వనపర్తికి రెండో జాబితాలో మాజీ మంత్రి చిన్నారెడ్డి పేరు వచ్చింది. నామినేషన్లు నడుస్తుండగానే, నవంబర్ 6న, ఆయన్ను తప్పించి తూడి మేఘారెడ్డికి ఇచ్చారు, ఆయన గెలిచారు. నాగర్‌కర్నూల్‌లో సీనియర్ నాగం జనార్దన్ రెడ్డిని కాదని డాక్టర్ కూచుకుళ్ల రాజేశ్ రెడ్డికి ఇచ్చారు. నాగం బీఆర్ఎస్‌లో చేరారు, రాజేశ్ రెడ్డి గెలిచారు. టికెట్లు తేల్చిన సర్వేలే నిజమయ్యాయి అనొచ్చు. ఆ సర్వే కాగితం మాత్రం ఏ ఓటరూ చూడలేదు.

చూడగలిగిన కాగితం ఒకటుంది. నామినేషన్‌తో పాటు నోటరీ చేయించి ఇచ్చే అఫిడవిట్, ఫారం 26. నాకు ఏ ఎడిటోరియల్ కన్నా ఇదే ఇష్టం. అభ్యర్థి, భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో గడి. చేతిలో నగదు, బ్యాంకు ఖాతాలు, బంగారం. పొలమైతే సర్వే నంబర్, ఎకరాలు, వారసత్వమా కొన్నదా, కొన్ననాటి ధర, ఇప్పటి ధర. అయిదేళ్ల ఆదాయం. ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండి ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, ఫోను బిల్లులు బాకీ ఉన్నాయా? కేసులున్నాయా, ఏ సెక్షన్? ‘సమాజ సేవ’ అని చెప్పుకునే మనిషి వృత్తి దగ్గర ఏం రాశారో ముందు చూడండి. ఒకే మనిషి 2018 ఫారాన్నీ 2023 ఫారాన్నీ పక్కపక్కన పెడితే కథ దానంతటదే బయటికొస్తుంది.

ఈ కాగితం విలువేంటో గద్వాలను అడగాలి. 2018 డిసెంబర్‌లో బండ్ల కృష్ణమోహన్ రెడ్డి టీఆర్ఎస్ తరఫున గెలిచారు. అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారంటూ ఓడిన డీకే అరుణ హైకోర్టుకెళ్లారు. 2023 ఆగస్టు 24న కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసి, అరుణే ఎమ్మెల్యే అని ప్రకటించింది, రెండున్నర లక్షల జరిమానా కూడా వేసింది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు, కృష్ణమోహన్ రెడ్డి మళ్లీ గెలిచారు. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. గద్వాలలో అయిదేళ్ల పదవికి తీర్పు నాలుగేళ్ల ఎనిమిది నెలలకు వచ్చింది! కాగితంలో తప్పుందా లేదా అన్నది కోర్టుల పని, ఆ పని ఓటు వేసే తేదీ లోపు అవ్వదన్నది మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి.

చరిత్ర క్లుప్తంగా: 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులతో ఈ అఫిడవిట్ తప్పనిసరైంది. గడులు ఖాళీగా వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో ఆ కోర్టే చెప్పింది. ప్రతి చిన్న వస్తువూ రాయక్కర్లేదని 2024లో కాస్త సడలించింది.

బాక్స్: పేపర్లో వెతకాల్సింది

కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను ప్రచార సమయంలో మూడుసార్లు పేపర్లో ప్రకటించాలి. అలాంటి వ్యక్తికి టికెట్ ఎందుకిచ్చామో పార్టీ కూడా 48 గంటల్లో ప్రకటించాలి, ‘గెలుస్తాడు కాబట్టి’ అన్నది కారణం కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఈ ప్రకటనలు లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఫారం 26 రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఈసారి నామినేషన్లు పడ్డప్పుడు మీ అభ్యర్థి పాత ఫారం, కొత్త ఫారం రెండూ తీసి చదవండి. లెక్క కుదరకపోతే మాకు రాయండి.