మైళ్ల విలువ ఎవరి చేతిలో ఉంది?

విమాన సంస్థలు ఇచ్చే మైళ్లను చాలామంది పొదుపులాగే చూస్తారు. ఖాతాలో అంకె పెరుగుతుంటే ఎప్పుడో ఒక ప్రయాణం ఉచితంగా దక్కుతుందన్న ధీమా. కానీ పొదుపుకు ఉండాల్సిన మొదటి లక్షణమే వీటికి లేదు. మనం దాచుకున్న వెయ్యి రూపాయలు రేపటి నుంచి ఆరువందలేనని బ్యాంకు ప్రకటించలేదు. మైళ్ల విషయంలో విమాన సంస్థ ఆ పని చేయగలదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన పథకం మొదలుపెట్టిన కొత్తలో ఎంత దూరం తిరిగితే అన్ని మైళ్లు, ఇన్ని మైళ్లకు ఫలానా టికెట్ అన్న లెక్క ఉండేది. అలాంటి లెక్కల పట్టికను డెల్టా ఎయిర్‌లైన్స్ 2015లో తన వెబ్‌సైట్ నుంచే తీసేసింది. అదే సీటుకు ఇవాళ అడిగే మైళ్లు వేరు, వారం తర్వాత అడిగేవి వేరు. ఎయిరిండియా కూడా 2024లో దూరాన్ని వదిలి, టికెట్‌కు పెట్టిన ఖర్చును బట్టి పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చౌక టికెట్ వెతుక్కుని ఎక్కేవారికి దీనివల్ల దక్కేది స్వల్పమే.

ఈ పథకాల ఇబ్బంది అమెరికాలోని తెలుగు కుటుంబాలకు బాగా తగులుతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో నలుగురూ కలిసి హైదరాబాద్ రావాలంటే పిల్లల సెలవుల్లోనే కుదురుతుంది. సీట్లు డబ్బుకే అమ్ముడుపోయే ఆ రోజుల్లో మైళ్లకు ఇచ్చేవి తక్కువ. ఒకే విమానంలో నాలుగు దొరకడం గగనం. దొరికినా పన్నులు, విమానాశ్రయ రుసుములు, కొన్ని సంస్థల్లో ఇంధన సర్‌చార్జి చేతినుంచి కట్టాల్సిందే. ఈలోగా గడువు తరుముతుంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైళ్లు మామూలుగా మూడేళ్లకు మురిగిపోతాయి. రెండు మూడేళ్లకోసారి ఊరికొచ్చేవారికి అది చాలా ఇరుకైన గడువు.

సంస్థే మూతపడితే? 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు దాని మైళ్ల పథకం వేరే కంపెనీగా ఉండబట్టి ఇంటర్‌మైల్స్ పేరుతో బతికింది. కానీ జనం ఏ విమానాల కోసం మైళ్లు కూడబెట్టారో అవే లేకుండా పోయాయి. చట్టం ఆదుకుంటుందన్న ఆశా తక్కువే. మైళ్ల పథకంలో తన సభ్యత్వాన్ని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ రద్దుచేసిందని, నిజాయితీగా వ్యవహరించలేదని ఒక ప్రయాణికుడు వేసిన దావా చెల్లదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ప్రయాణికుడి చేతిలో ఇంత బలహీనమైన ఈ మైళ్లే సంస్థకు పెద్ద ఆస్తి. కోవిడ్ కాలంలో, 2020లో, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకానికి సుమారు 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టి, దాన్ని తాకట్టుపెట్టి అప్పు తెచ్చింది.

ఊరికే వచ్చినవి పోతే నష్టమేమిటని అడగవచ్చు. అవి ఊరికే రావు. క్రెడిట్ కార్డు ఇచ్చే బ్యాంకులు తమ ఖాతాదారులకు పంచే మైళ్లను విమాన సంస్థల దగ్గర డబ్బు పెట్టి కొంటాయి. 2023లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి డెల్టాకు దాదాపు 680 కోట్ల డాలర్లు అందాయి. ఆ డబ్బు దుకాణాల రుసుముల్లోంచి, కార్డు వార్షిక రుసుముల్లోంచి, బాకీలపై వడ్డీలోంచి వస్తుంది. మన దేశంలో చాలా కార్డుల వడ్డీ నెలకు మూడు శాతం పైనే. మైళ్ల ఆశతో కొని, బిల్లు పూర్తిగా కట్టలేకపోయినవారికి ఒక్క నెల వడ్డీయే ఆ లాభాన్ని మింగేస్తుంది. కంపెనీ ఖర్చుతో తిరిగేవారికి, నెలనెలా బిల్లు తీర్చేసేవారికి మైళ్లు నిజంగానే లాభం, కాదనను. అయితే వాళ్లకైనా ఏళ్లతరబడి పోగేయడంకన్నా వచ్చినవి వచ్చినట్టు వాడుకోవడం మేలు. టికెట్ నగదు ధరలోంచి చేతినుంచి కట్టేది తీసేసి, మిగిలినదాన్ని అడిగిన మైళ్లతో భాగిస్తే ఒక్కో మైలుకు ఎన్ని పైసలు గిడుతున్నాయో తెలుస్తుంది. మైళ్లతో ఎక్కిన ప్రయాణానికి చాలా సంస్థలు కొత్త మైళ్లు ఇవ్వవు. దాన్నీ ఆ లెక్కలో వేసుకోవాలి.