కనబడునట్లు గీయుట

మన కోనసీమలో ధనుర్మాసము వచ్చినదనగా ప్రతి వాకిటను ముగ్గులు వెలయును. పదియేండ్ల బాలిక సైతము ఇరువదియొక్క చుక్కల వరుసను తప్పులేక పెట్టి, మెలికలు త్రిప్పి, మొదలుపెట్టిన చోటికే గీతను తెచ్చి కలుపగలదు. ఆ చేతికి కొలత తెలియును, పొందిక తెలియును, తడబాటు తెలియదు. అట్టి బాలికనే పిలిచి, పీటమీద నీళ్లచెంబు నొకదానిని పెట్టి, "దీనిని గీయుము తల్లీ" యనినచో నేమి జరుగును? చెంబు మూతిని పున్నమ చంద్రునివలె గుండ్రముగ గీయును. అడుగును ఒక యడ్డగీతతో ముగించును. పీట నాలుగు మూలలును పైనుండి చూచినట్లు చదరముగ నుండును. చెంబు పీటమీద కూర్చుండక గాలిలో వ్రేలాడుచున్నట్లు తోచును.

ఇది చేతి లోపము కాదు, కంటి లోపమును కాదు. మూతి గుండ్రనిదని మనసెరుగును. ఆ యెరుకయే కంటి కడ్డుపడి చేతిని నడిపించును. ముగ్గు నేలమీదిది. దానిని వంగి, పైనుండి చూచుచు వేయుదుము గనుక అందు దగ్గర, దూరము అను భేదము లేదు. చెంబుగాని, పీటగాని, మనిషిగాని చోటు నాక్రమించి నిలుచునట్టివి. వానికి ముందు వెనుకలును, పైక్రిందులును కలవు. ఆ చోటును కాగితముపై చూపుట వేరొక విద్య. ఆ విద్యనుగూర్చియే యీ మాసమున సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

ఇప్పుడీ ప్రసంగమేల యందురా? 1961 లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. 2015 లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును అట్టి సంస్థ వచ్చినది. బొంబాయి ఐ.ఐ.టి. వారు డిజైను చదువులకు ప్రవేశపరీక్షను నడుపుచున్నారు. కుర్చీ మొదలు బట్టల వరకు, పిల్లల బొమ్మ మొదలు బస్సులోని ఆసనము వరకు మనము వాడు వస్తువుల కన్నిటికిని రూపము కల్పించు విద్య యిది. ఇట్టి చదువులకు పోగోరు పిల్లలు వస్తువులను, మనుష్యులను ఒక స్థలములో నున్నట్లు చేతితో గీసి చూపవలసి యుండును.

రాజోలు వంటి యూళ్లలో ఆడపిల్ల యీ కోరిక వెలిబుచ్చినపుడు రెండు మాటలు వినవచ్చును. "బొమ్మలు గీయుట దేవుడిచ్చిన వరము, మన పిల్లకది లేదు" అనునది యొకటి. "పట్నములో వేలకు వేలు పోసిన గాని యది రాదు" అనునది రెండవది. ఈ రెండును పిల్ల కాళ్లకు బంధములే. ఇది వరము కాదు. సూత్రములు గల విద్య. సంగీతమునకు సరళీస్వరము లెట్టివో దీనికిని అట్టి తొలిపాఠములు కలవు. వానిని మన యింటి సామానుతో, మన కాలువగట్టునే నేర్వవచ్చును.

మొదటి పాఠము కంటిమట్టము. అంతర్వేది సముద్రతీరమున నిలిచి చూడుడు. నీరును నింగియు కలియు గీత సరిగా మీ కంటి యెత్తుననే యుండును. ఇసుకలో కూర్చుండుడు, ఆ గీత మీతో దిగును. దీపస్తంభ మెక్కినచో నదియు మీతో నెక్కును. చిత్రకారుడు కాగితముమీద మొట్టమొదట నిర్ణయించుకొనవలసిన గీత యిదియే. ఇంటిలో సముద్రము కానరాకున్నను ఆ గీత యుండనే యుండును. దానికి దిగువనున్న వస్తువుల పైభాగము మనకు కనబడును. ఎగువనున్న వాని అడుగుభాగము కనబడును. పీటపై భాగమును, అటుక యడుగును చూడగలుగుట యిందువలననే.

ఒక కంచమును సరిగా కంటి యెత్తున బల్లపరుపుగ పట్టుకొనుడు. అది గీతవలె నగపడును. మెల్లగా దింపుచు రండు: గీత విచ్చుకొని సన్నని కోడిగ్రుడ్డు రూపమగును, ఇంకను దింపినకొలది గుండ్రమగుచు పోవును. ఇపుడు చెంబును చూడుడు. మూతికంటె అడుగు కంటికి మరింత దిగువన నున్నది గదా! కావున అడుగు వంపు మూతి వంపుకంటె ఎక్కువ గుండ్రముగ నుండవలెను. అడుగున నడ్డగీత గీసిన చెంబు ఏల నిలువలేదో యిపుడు తెలిసినది. ఈ వంపుల రెండు కొనలును మొనదేలరాదు, మెత్తగా మలుగవలెను.

రెండవ పాఠము దూరము. వైనతేయ గోదావరి మీదుగా కాలువనీటిని రాజోలు ప్రాంతమునకు తెచ్చు గన్నవరము అక్విడక్టును ఎరుగని వారెవరు? పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున కట్టిన పాతదానికి 49 కమానులు. 2000 లో వచ్చిన క్రొత్తదానికి, అడిగినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గట్టున నిలిచి అట్టి కట్టడపు వరుసను చూచినచో స్తంభములన్నియు సమానమైనవే యైనను దూరమైన కొలది పొట్టివై, ఇరుకై కనబడును. వాని పైయంచు కంటిమట్టమునకు దిగుచు, క్రిందియంచు కంటిమట్టమునకు ఎక్కుచు, తుదకు రెండును ఆ గీతమీదనే యొక బిందువున కలియునట్లు తోచును. కాలువగట్టు వెంబడి సూటిగా పోవు బాటయు, దాని కిరువైపుల కొబ్బరిచెట్ల వరుసలును ఇట్లే యొక బిందువునకు పరుగిడును.

స్తంభముల నడుమ దూరము ఎంతెంత తగ్గవలెనో ఊహించి వేయనక్కరలేదు. మొదటి రెండు స్తంభములను గీసి, రెండవదాని నడిమి బిందువును గుర్తించుడు. మొదటిదాని తలనుండి ఆ నడిమి బిందువు మీదుగా గీత లాగినచో అది నేలగీతను తాకిన చోటనే మూడవ స్తంభపు పాదము. మరల రెండవదాని తలనుండి మూడవదాని నడిమి మీదుగా లాగిన నాల్గవది దొరకును. చుక్కల ముగ్గు లెక్క తెలిసిన పిల్లకు ఇది యొక పూటపని.

ఈ సూత్రములను యూరపులో ఇటలీ దేశస్థుడైన ఆల్బెర్టి 1435 లో గ్రంథస్థము చేసెను. చూచువానికిని వస్తువునకును నడుమ గళ్లుగల పలుచని వస్త్రమును నిలిపి, గడి వెంబడి గడిగా గీయవచ్చునని యతడు తెలిపెను. మనకు ఆ వస్త్రముతో పనిలేదు. కిటికీ చువ్వలే చాలును. పిల్లను కదలక కూర్చుండబెట్టి, ఒక కన్ను మూయించి, ఏ చువ్వ కావల ఏ కొమ్మ యున్నదో చూచి గీయుమనుడు. అద్దపు తలుపైనచో దానిమీదనే సబ్బుముక్కతో కొమ్మల యంచులు దిద్దవచ్చును. కన్ను చూచినదానికిని మనసు తలచినదానికిని ఎంత యెడమున్నదో అచ్చట బోధపడును.

మూడవ పాఠము మనుష్యరూపము. ఎదిగిన మనిషి నిలువు సుమారు ఏడున్నర తలల కొలత. పసివారి తల ఒడలిని బట్టి చూడ పెద్దది. సంతలో నిలిచి చూచినచో, మనయంత యెత్తుగల వారందరి కన్నులును, దగ్గరివారైనను దూరపువారైనను, మన కంటిమట్టపు గీతమీదనే యుండును. దూరమైన కొలది పాదములు మాత్రమే పైకి జరుగును. ఈ యొక్క కిటుకుతో నొక జనసమూహమును నేలమీద నిలుపవచ్చును.

మనవైపు కాళ్లు చాచి కూర్చున్న యవ్వను గీయుట కష్టతరము. కాలు పొడవైనదని మనసు చెప్పును. కంటికి అరికాలు పెద్దదిగను, తొడ పొట్టిదిగను కనబడును. ఈ తగ్గుటను పెరుగుటను మన పూర్వులు చక్కగ నెరిగియుండిరి. విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రము దీనికి క్షయవృద్ధి యని పేరిడి, ఎదురుగ, ప్రక్కగ, వెనుకగ, ఇట్లు ఒడలు నిలుచు తొమ్మిది స్థానములను చెప్పినది. అమరావతి శిల్పులు నలగిరి యేనుగు కథను చెక్కిన గుండ్రని ఫలకమును చూచినచో, ఒకరి వెనుక నొకరుగా జనమును, గవాక్షములనుండి తొంగిచూచు స్త్రీలను ఎట్లు కూర్చిరో తెలియును. చోటును చూపుటకు పలుదారులు గలవు. కంటిమట్టపు దారి వానిలో నొకటి. డిజైను విద్యార్థికి ఇది ముఖ్యము. ఏలయన ఇంకను పుట్టని వస్తువును ఎదుట నున్నట్లు వడ్రంగికిని, దర్జీకిని చూపవలసినది ఆమెయే.

స్త్రీల కీ విద్య మన గోదావరి సీమలో క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున 1897 లో జన్మించిన దామెర్ల రామారావుగారు, అచ్చటి కళాశాల ప్రిన్సిపాలగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున బొంబాయికేగి చిత్రకళ నభ్యసించి వచ్చిరి. 1925 లో, ముప్పదియేండ్లైన నిండకమునుపే, వారు గతించిరి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. రామారావుగారి పేర రాజమహేంద్రవరమున చిత్రశాల కలదు. రాజోలునుండి పోయి ఒక్కదినములో చూచి రావచ్చును. పిల్లలను తీసికొనిపోయి, ప్రతి చిత్రమునెదుట "ఇందు కంటిమట్ట మెక్కడ?" అని యడుగుడు.

తల్లులు చేయదగినది మరికొంత కలదు. దినమున కరగంట చాలును. మొదటి వారము చెంబు, గిన్నె, కొబ్బరిచిప్ప, రెండవ వారము పీట, పెట్టె, తలుపు, మూడవ వారము అరుగు, వీధి, పిమ్మట ఇంటిలోనివారు. పెన్సిలును చేయి చాచి పట్టి, మోచేయి వంచక, ఒక కన్ను మూసి, వెడల్పునకు ఎత్తెంతయో కొలుచుట అలవరుపుడు. రబ్బరును దాచి యుంచుడు. తప్పుగీత ప్రక్కనే ఒప్పుగీత నిలిచినచో తేడా తెలియును. బొమ్మను చూచి "బాగున్నది" యనియో "బాగులేదు" అనియో విడువక, "నీవెక్కడ కూర్చుండి చూచితివి?" అని ప్రశ్నించుడు. ఆమె కూర్చున్న చోట మీరును కూర్చుండి చూడుడు.

ఆ ప్రశ్నకు జవాబీయగల పిల్లకు చెంబు పీటమీద నిలుచును. అంతకుమించి, తన కంటిని తాను నమ్ముట యలవడును. పరీక్షయందు ఫలితమెట్లున్నను ఈ లాభము చెడదు. రాబోవు సంక్రాంతికి ముగ్గుపిండితోపాటు మీ యమ్మాయికి ఒక పెన్సిలును, తెల్లకాగితముల పుస్తకమును కొనిపెట్టుడు.