మూడు లండన్‌డెర్రీలు, ఒక పూర్వీకుడు

పాత బైబిల్ అట్ట లోపల "తాతల తాత లండన్‌డెర్రీ నుంచి వచ్చాడు" అని ఒక్క ముక్క రాసి ఉందనుకుందాం. కెనడాలోని నోవా స్కోషియాలో, ట్రూరో చుట్టుపక్కల తన వంశమూలం వెతుక్కునే మనిషికి ఆ ముక్క నిధిలా కనిపిస్తుంది. కానీ ఆ పేరున్న ఊళ్లు మూడు. ఒకటి ఐర్లండ్ ఉత్తరాన ఆల్స్టర్‌లో, రెండోది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, మూడోది నోవా స్కోషియాలోనే, ట్రూరోకి ఎంతో దూరం కాకుండా. మొదటి ఊరిలో పుట్టి, రెండో ఊరిలో పెరిగి, మూడో ఊరిలో కన్నుమూయడానికి ఆ కాలపు మనిషికి ఒక్క జీవితం చాలు. అందుకే ఇలాంటి పూర్వీకుణ్ణి వెతికేవాళ్లు "ఏ ఓడలో వచ్చాడు?" అని కాక, "ఎవరితో కలిసి వచ్చాడు, ఎవరి పక్కన బతికాడు?" అని అడగాలి. జవాబు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది రెండో ప్రశ్నకే.

ఎందుకో తెలియాలంటే ఈ ఊళ్ల జనం నడిచిన దారి చూడాలి. 1609 తర్వాత ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ ఆల్స్టర్‌లో స్వాధీనం చేసుకున్న భూముల్లో స్కాట్లండ్ పల్లపు ప్రాంతాల రైతులు వేలాదిగా స్థిరపడ్డారు. వాళ్లు ప్రెస్బిటేరియన్ శాఖ ప్రొటెస్టెంట్లు. తరాలు గడిచేసరికి కౌళ్లు పెరిగాయి. 1704 నాటి చట్టం అధికార చర్చిలో చేరనివారికి ప్రభుత్వ పదవులు దక్కకుండా చేసింది. 1718లో కొన్ని ఓడల జనం బోస్టన్ చేరారు, వారిలో కొందరు మరుసటి ఏడాది న్యూ హాంప్‌షైర్‌లో ఊరు కట్టుకుని, తర్వాత దానికి లండన్‌డెర్రీ అని పేరు పెట్టుకున్నారు. ఇటు నోవా స్కోషియాలో 1755 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఫ్రెంచి మాట్లాడే అకేడియన్లను వెళ్లగొట్టింది. వాళ్లు సముద్రపు ఆటుపోట్లకు కట్టలు వేసి సాగుచేసిన పొలాలు, అంతకు ముందు నుంచీ మిక్‌మా ప్రజలవైన నేలలు, గవర్నర్ చార్లెస్ లారెన్స్ ప్రకటనలతో కొత్తవారికి పంపకానికి వచ్చాయి. 1760 నుంచి న్యూ హాంప్‌షైర్ కుటుంబాలు ట్రూరోకి కదిలాయి. 1761లో అలెగ్జాండర్ మెక్‌నట్ అనే భూవ్యాపారి నేరుగా ఆల్స్టర్ నుంచి దాదాపు 300 మందిని హాలిఫాక్స్‌కి తెచ్చాడు, 1762లో మరికొందరిని. కౌలుదార్లు ఇలా తరలిపోతే ఐర్లండ్ ఖాళీ అవుతుందని లండన్ ప్రభుత్వం భయపడి, ఆ తరహా తరలింపుకు అడ్డుకట్ట వేసింది. ఇలా ఒకే ప్రాంతంలో, కొద్ది ఏళ్ల తేడాతో రెండు పాయలు కలిశాయి. ఇంటిపేర్లు అవే, చర్చి అదే. ఏ మనిషి ఏ పాయవాడో పేరు చూసి చెప్పలేం.

నేరుగా సాక్ష్యం చూపే కాగితం ఉంటే ఈ తంటా ఉండదు. అది చాలాసార్లు లేదు. 1865కి ముందు కెనడా రేవుల్లో దిగినవారి సమగ్ర జాబితాలే లేవు. ఐర్లండ్ వైపు పరిస్థితి మరీ కష్టం. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ దగ్గరున్న ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం అంతర్యుద్ధంలో పేలి కాలిపోయింది. పాత జనాభా లెక్కలు, వీలునామాలు, అధికార చర్చి రిజిస్టర్లు ఎన్నో బూడిదయ్యాయి. ప్రెస్బిటేరియన్ రిజిస్టర్లు చాలాచోట్ల 19వ శతాబ్దంలోనే మొదలవుతాయి. అంటే 1761లో బయల్దేరిన మనిషి బాప్టిజం నమోదు చాలా చోట్ల కాలిపోలేదు, అసలు లేదు. పైగా ఐర్లండ్‌లో భూమిని 60,000కు పైగా చిన్న చిన్న టౌన్‌ల్యాండ్లుగా విభజించారు. ఏ టౌన్‌ల్యాండో తెలియకుండా అక్కడ వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

కాబట్టి వెతుకులాట కెనడాలోనే మొదలై, నేటి నుంచి నిన్నకు ఒక్కో మెట్టు దిగుతూ సాగాలి. 1871 కెనడా జనాభా లెక్కల్లో పుట్టిన చోటుతో పాటు తండ్రి వైపు జాతి మూలం కూడా రాశారు. ఆల్స్టర్ సంతతివారు అక్కడ ఒక ఇంట "ఐరిష్", పక్కింట "స్కాచ్" అయిపోవచ్చు, అందుకే ఆ ఒక్క మాట మీద ఆధారపడకూడదు. ఇంకా వెనక్కి వెళ్తే భూమి దస్తావేజులు, వీలునామాలు, టౌన్‌షిప్ పుస్తకాలు, 1770 నాటి కుటుంబ పెద్దల జాబితా దొరుకుతాయి. ఆ జాబితాలో ఇంటిలో ఎందరు ఐరిష్, ఎందరు అమెరికన్ అని లెక్క ఉంది. అమెరికన్లు ఎక్కువైతే న్యూ హాంప్‌షైర్ దారి తోస్తుంది. దస్తావేజుల్లో అసలు ధనం సాక్షి సంతకాలు, సరిహద్దు పొలాల యజమానులు. ఒకే పొరుగువాడు మూడుసార్లు సాక్షిగా కనిపిస్తే బావమరిదో, అల్లుడో, అదే చర్చి మనిషో అయి ఉండవచ్చు. ఆ పొరుగువాడి మూలం తెలిస్తే మన మనిషి మూలానికి తలుపు తెరుచుకోవచ్చు. పేర్లూ సాయపడతాయి. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే, పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం వాళ్లలోనూ ఉంది. అయితే ఇది అలవాటే తప్ప చట్టం కాదు.

ఇంత శ్రమ ఎందుకు, డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే పోదా అనేవారున్నారు. ఎనిమిది తరాలు వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికి 256 మంది పూర్వీకులు, ఒక్కొక్కరి వాటా సగటున 256లో ఒక వంతు. అంత దూరపు మనిషి జాడ మన రక్తంలో అసలు మిగలకపోవచ్చు కూడా. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్ పరీక్ష మగ వరుస బంధుత్వాన్ని చూపగలదు. కానీ "ఫలానావాడు నీ దూరపు జ్ఞాతి" అంటుందే తప్ప, ఏ ఊరు, ఏ ఏడు, ఏ ఓడ అని చెప్పదు. ఆ జ్ఞాతి వంశవృక్షం ఆల్స్టర్‌లో ఒక ఊరికి కచ్చితంగా చేరినప్పుడే పరీక్షకు విలువ. అంటే డీఎన్‌ఏకీ చివరికి కాగితమే కావాలి. అచ్చు పుస్తకాల సంగతీ అంతే. ట్రూరో ఉన్న కోల్చెస్టర్ కౌంటీ తొలి వలసదారుల గురించి థామస్ మిల్లర్ 1873లో ప్రచురించిన గ్రంథం ఎంతో విలువైనది. అయినా అది సంఘటనలకు వందేళ్ల తర్వాత రాసింది. దాన్ని దారి చూపే గుర్తుగా వాడుకోవాలి. తీర్పుగా చదవకూడదు.

ఇరుగుపొరుగు సాక్ష్యం చివరికి సంభావ్యతనే ఇస్తుంది కదా, అది రుజువా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఒకే ఊరిలో పేరు, ఇంటిపేరు రెండూ కలిసినవాళ్లు ఉంటారు, సాక్షి సంతకం ఒక్కోసారి యాదృచ్ఛికమే కావచ్చు. దానికి మందు ఆధారాలను లెక్కపెట్టడం కాదు, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల నుంచి వచ్చాయో లేదో చూడటం. భూమి దస్తావేజు, వీలునామా, 1770 జాబితా వేర్వేరు చేతులు వేర్వేరు అవసరాలకు రాసినవి. మూడూ ఒకే దిక్కు చూపితే ఆ ఊహ నిలబడుతుంది. ఒక్కటి ఎదురు తిరిగినా మళ్లీ మొదటి నుంచి చూడాలి. బైబిల్ అట్ట లోపలి లండన్‌డెర్రీ పేరు ఒంటరిగా ఉన్నంతసేపు మూడు ఊళ్ల మధ్య ఊగుతూనే ఉంటుంది. దాని పక్కన పొలం గట్టు పంచుకున్నవాళ్ల, వీలునామాకు సంతకం పెట్టినవాళ్ల పేర్లు వచ్చి చేరినప్పుడే ఒక ఊరిలో కుదురుకుంటుంది.